నాటే ముందు లెక్క: ఊరి గుట్ట మీది చెట్లను కొలిచి, వాటి విత్తనంతోనే నారు పెంచడం ఎలా

ఊరి పక్క గుట్ట బోసిగా కనబడితే చాలు, గుంతలు తవ్వి మొక్కలు నాటేద్దామనుకుంటారు. జూలైలో నాటుతారు, ఫొటోలు దిగుతారు, మే నెలకి ఎండుపుల్లలు మిగులుతాయి. తప్పు నాటడంలో లేదు, ఆ గుట్ట మీద అప్పటికే ఏముందో చూడకపోవడంలో ఉంది. మన ఎండు అడవుల్లో గడ్డి పక్కకు తీసి చూస్తే ఏగిస, బిల్లుడు, తునికి పిలకలు జానెడు ఎత్తున కనబడతాయి. ఏటా నిప్పుకు కాలి, మేక కొరికి, వాన పడగానే మళ్ళీ చిగిర్చి, వేరు మాత్రం బొటనవేలంత లావెక్కి అక్కడే కాచుకుని ఉంటాయి. తెలియక అక్కడే గుంత తవ్వితే, పదేళ్ళ వేరును నరికి ఆరు నెలల మొక్కను పెట్టినట్టవుతుంది.

కాబట్టి ముందు కొలవాలి. ఆ అంకెలు చూసి లోటు ఎక్కడుందో తేల్చుకోవాలి. దానికి మొక్క నాటడమే మందని తేలితే అప్పుడు విత్తనం, నర్సరీ. ఇక్కడ చెప్పేది తెలంగాణ, రాయలసీమ, నల్లమల అంచుల్లోని ఆకురాల్చే అడవులకు, రాతి గుట్టలకు సరిపోతుంది. మడ అడవులకు, కోస్తా ఇసుక నేలలకు జాతులూ కాలాలూ వేరు.

అనుమతి, అదను

గుట్ట ఎవరిదో ముందు తెలుసుకోండి. రిజర్వు ఫారెస్టు అయితే డివిజనల్ ఫారెస్టు ఆఫీసరు అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. అభయారణ్యం, టైగర్ రిజర్వు లోపలైతే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. పంచాయతీ భూమి అయితే 2002 జీవవైవిధ్య చట్టం కింద ఏర్పడిన గ్రామ జీవవైవిధ్య కమిటీకి చెప్పి మొదలుపెట్టండి. మీరు రాసే జాబితా వాళ్ళ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరుకీ పనికొస్తుంది.

ఒక్కసారి వెళ్ళి వస్తే సరిపోదు. గడ్డి, చిన్న మొక్కలు సెప్టెంబరు, అక్టోబరులో తప్ప పోల్చుకోలేం. మోదుగ, బూరుగ, కొండగోగు ఆకు రాల్చాకే పూస్తాయి కాబట్టి ఫిబ్రవరి, మార్చిలో ఇంకోసారి వెళ్ళాలి. చుట్టుకొలత ఏ నెలలోనైనా తీయొచ్చు గానీ, ఈ ఏడు అక్టోబరులో తీస్తే మళ్ళీ కొలిచేదీ అక్టోబరులోనే. వానాకాలంలో మాను నీరు పట్టి కొద్దిగా ఉబ్బుతుంది. ఎండాకాలపు కొలతతో పోలిస్తే ఆ ఉబ్బే ఎదుగుదలలా కనబడుతుంది.

ప్లాటు ఎక్కడ పడాలి

గుట్టంతా కొలవలేం కాబట్టి అక్కడక్కడ తాడుతో చుట్టిన చదరాల్లోనే కొలుస్తాం, ఆ చదరమే ప్లాటు. మంచి చెట్లున్న చోటికి కాళ్ళు వాటంతటవే పోతాయి. ఈ పనిలో ఎక్కువ మంది చేసే తప్పు ఇదే. నీడగా ఉంది, దారికి దగ్గరగా ఉంది అని అక్కడ తాడు వేస్తే గుట్టంతా అలాగే ఉందని లెక్క చెబుతుంది. గుట్ట పటం మీద 100 మీటర్ల గళ్ళు గీసి, ప్రతి గడికీ నంబరు ఇచ్చి, చీటీలు తీయండి. చీటీలో వచ్చిన గడి మధ్యకు ఫోన్‌లోని జీపీఎస్‌తో వెళ్ళి, అక్కడే మొదటి మేకు కొట్టండి. అది బండ మీద పడితే బండ మీదే వేయాలి. బండ సందుల్లో బతికే మొక్కలూ ఆ గుట్టవే.

చిన్న గుట్టకు పది ప్లాట్లు కనీసం. అంతకు మించి ఎన్ని కావాలో గుట్టే చెబుతుంది. ప్రతి ప్లాటు తర్వాత మొత్తం జాతులు ఎన్నయ్యాయో వరసగా రాసుకుంటూ పోండి. చివరి మూడు ప్లాట్లలో కలిపి ఒక్క కొత్త జాతి కూడా రాకపోతే ఆపేయొచ్చు.

ఇంకో మూడు ప్లాట్లు వేరే చోట వేయండి: అదే నేల, అదే ఎత్తు ఉండి, నరుకుడు తక్కువైన చోట. సాధారణంగా అది ఏ దేవుడి గుట్టో, ఏ అమ్మవారి వనమో అయ్యుంటుంది. మీ గుట్ట ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

తాడు, మేకు, టేపు

నాలుగు ఇనప మేకులు, రెండడుగుల పొడవున. 5 మీటర్లకొక ముడి వేసిన 80 మీటర్ల నైలాన్ తాడు. 30 మీటర్ల టేపు ఒకటి, దర్జీ టేపు ఒకటి. 1 మీటరు 37 సెంటీమీటర్ల దగ్గర గాటు పెట్టిన కర్ర. సుద్దముక్క, అట్ట పుస్తకం, పెన్సిలు. పెన్ను వద్దు, ఒక్క చినుకు పడితే రోజంతా చేసిన పని కరిగిపోతుంది.

చెట్లకు ప్లాటు 20 మీటర్ల చదరం. మొదటి మేకు దగ్గర మూల సరిగ్గా రావాలంటే ఒక వైపు 3 మీటర్లు, రెండో వైపు 4 మీటర్లు కొలిచి, ఆ రెండు చివర్ల మధ్య 5 మీటర్లు వచ్చేదాకా తాడు జరపాలి. ఇల్లు కట్టే మేస్త్రీలు మూలమట్టం చూసే పద్ధతే ఇది. నాలుగు మేకులూ కొట్టాక కర్ణాలు కొలవండి. రెండూ 28 మీటర్ల 28 సెంటీమీటర్లు రావాలి. జానెడు తేడా ఉన్నా పర్లేదు, మీటరు తేడా వస్తే మళ్ళీ మొదటికి.

వాలు మీద ఇంకో చిక్కుంది. వైశాల్యాన్ని పైనుంచి చూసినట్టు లెక్కేస్తాం కాబట్టి వాలు వెంట పరిచిన టేపు 20 మీటర్ల కన్నా పొడవుండాలి. వాలు కోణం ఫోన్ యాప్‌తో చూడొచ్చు. 10 డిగ్రీలైతే 20.31, 20 డిగ్రీలైతే 21.28, 30 డిగ్రీలైతే 23.09 మీటర్లు. ఈ సవరణ ఏటవాలుగా ఉన్న రెండు వైపులకే, అడ్డంగా పోయే వైపులకు అక్కర్లేదు. దీన్ని వదిలేస్తే నిటారు గుట్టల్లో చెట్ల సాంద్రత ఉన్నదానికన్నా తక్కువగా తేలుతుంది.

పెద్ద చదరం లోపల ఎదురెదురు మూలల్లో 5 మీటర్ల చదరాలు రెండు వేయండి. పొదలు, పిల్లచెట్లు అందులో. నాలుగు మూలల్లో, నడిమధ్యన 1 మీటరు చదరాలు ఐదు. గడ్డి, మొలకలు అందులో. వీటిని ముందు చూడాలి. పెద్ద చెట్లతో మొదలుపెడితే కొలిచేవాళ్ళ కాళ్ళ కింద మొలకలు నలిగిపోతాయి, తర్వాత లెక్కకు దొరకవు.

తాడు మీద పడ్డ చెట్టు లోపలిదా బయటిదా అని ప్రతి ప్లాటులో వాదన వస్తుంది. మొదలు సగానికి పైగా లోపలుంటే లోపలిది. సరిగ్గా సగం అయితే ఉత్తరం, తూర్పు తాళ్ళ మీదివి లెక్కలోకి, మిగతా రెండు వైపులవీ బయటికి. మొదటి రోజే ఇది పుస్తకంలో రాసుకోండి.

చుట్టుకొలతలో జరిగే పొరపాట్లు

నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తున టేపు చుట్టాలి. 30 సెంటీమీటర్లు, అంతకన్నా ఎక్కువ ఉంటే చెట్టు. 10 నుంచి 30 లోపు పిల్లచెట్టు. అంతకన్నా తక్కువైతే మొలక. వాలు మీద కర్రను చెట్టుకు ఎగువ వైపు ఆనించాలి. టేపు కింద తీగ ఉంటే తీగను లేపి దాని కిందనుంచి టేపు పోనివ్వాలి. సరిగ్గా ఆ ఎత్తులో బుడిపె ఉంటే బుడిపె అయిపోయిన చోట కొలిచి, ఎంత ఎత్తులో కొలిచారో పక్కన రాయాలి. లేకపోతే మరుసటి ఏడు వచ్చినవాళ్ళు బుడిపె మీద కొలిచి చెట్టు ఒక్కసారిగా లావెక్కిందంటారు.

మన గుట్టల్లో సగం చెట్లు ఒకప్పుడు నరికిన మోడు నుంచి మూడు నాలుగు కాండాలుగా లేచినవే. వాటిని ఎలా రాయాలి? ఒక బిల్లుడుకు 40, 35, 32 సెంటీమీటర్ల కాండాలు మూడు ఉన్నాయనుకోండి. చాలామంది కలిపేసి 107 అని రాస్తారు. అది తప్పు. ఒక్కోదాన్ని వర్గం చేసి కలపాలి: 1600, 1225, 1024, మొత్తం 3849. దాని వర్గమూలం 62. అంటే ఆ మోడు 62 సెంటీమీటర్ల ఒక్క మానుతో సమానం. 107 అని రాస్తే చెట్టు అడ్డుకోత వైశాల్యం దాదాపు మూడు రెట్లు పెరిగిపోతుంది. పుస్తకంలో మాత్రం మూడు కొలతలూ విడివిడిగానే ఉంచండి, కూడిక ఇంటికి వచ్చాక.

పేరు దగ్గర తొందర వద్దు

మేకలు కాసే పెద్దాయన చెప్పిన పేరు బంగారం. కానీ ఒక్క పేరు ఒక్కో తావున ఒక్కో చెట్టుకు ఉంటుంది. తపసి అంటే కొందరికి బంక కారే స్టెర్క్యులియా యూరెన్స్, ఇంకొందరికి నెమలినార. గుగ్గిలం అని జాలారి చెట్టునూ అంటారు, అందుగునూ అంటారు. పాల, పాలకొడిశ, ఏడాకుల పాల మూడూ వేర్వేరు చెట్లు, అయినా మూడింటికీ పాలు కారతాయి. అందుకని ఊరి పేరు రాయండి, దాని పక్కనే నమూనా నంబరు వేయండి.

నమూనా అంటే పువ్వో కాయో ఉన్న 25 నుంచి 30 సెంటీమీటర్ల కొమ్మ. పాత వార్తాపత్రికల మధ్య పరిచి, ఒక ఆకునైనా తిరగేసి పెట్టండి, ఆకు అడుగు కనబడాలి. రెండు చెక్క పలకల మధ్య బిగించి కట్టండి. మొదటి వారం రోజూ కాగితం మార్చాలి, వానాకాలంలో రోజుకు రెండుసార్లు. ఒక్కరోజు ఏమరితే ఆకులు నల్లబడి ఊడిపోతాయి, బూజు పడుతుంది. జెముడు, బొమ్మజెముడు లాంటి కండ మొక్కలను మరిగే నీళ్ళలో ఓసారి ముంచి తీసి నొక్కండి. అలా చేయకపోతే కాగితాల మధ్యే చిగురేస్తాయి. ఎండిన నమూనాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే పురుగు చస్తుంది. పాత పద్ధతిలో వాడిన పాదరసపు విషం ఇళ్ళలో ముట్టుకోవలసిన వస్తువు కాదు.

ఎండాక కనబడనివన్నీ అక్కడికక్కడే రాయాలి: పువ్వు రంగు, వాసన, గాటు పెడితే పాలా నీళ్ళా బంకా, బెరడు లోపలి రంగు. ఏగిసకు గాటు పెడితే ఎర్రటి జిగురు వస్తుంది, ఆ ఒక్క మాటతో సగం అనుమానం తీరుతుంది. తేలని నమూనాలను అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ, తిరుపతిలో శ్రీవేంకటేశ్వర, వరంగల్‌లో కాకతీయ విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర విభాగాల్లో, హైదరాబాద్‌లోని బొటానికల్ సర్వే కేంద్రంలో చూపించండి.

శేషాచలం వైపు పనిచేసేవాళ్ళకు ఒక ముక్క. మొగి, తెల్ల కరక, కొండ సాంబ్రాణి, జాలారి లాంటివి ప్రపంచంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే పెరిగేవి. ఈతచెట్టులా కనబడే సైకాస్ బెడ్డోమీ మరీ అరుదు. 1972 వన్యప్రాణి చట్టం ఆరో షెడ్యూలులో 2022 సవరణకు ముందు ఉన్న ఆరు మొక్కల పద్దుల్లో అదొకటి. మందుకోసం దాని మగ శంకువులు కోసుకుపోతారు. ఇలాంటివి కనబడితే కొమ్మ కోయకుండా ఫొటోతో సరిపెట్టుకోండి, ఆ ఫొటోలో జీపీఎస్ వివరం తీసేశాకే ఎవరికైనా పంపండి. ఎర్రచందనం మాన్లకూ ఇదే వర్తిస్తుంది.

కూడిక

పది ప్లాట్లు అంటే 4000 చదరపు మీటర్లు, అంటే 0.4 హెక్టారు. ఉదాహరణకు మొత్తం 160 చెట్లు వచ్చాయనుకుందాం. అందులో చిరుమాను 40, ఎనిమిది ప్లాట్లలో కనబడింది. సాంద్రత 40ని 0.4తో భాగిస్తే హెక్టారుకు 100. మొత్తం చెట్లలో దాని వాటా 25 శాతం. పౌనఃపున్యం, అంటే నూటికి ఎన్ని ప్లాట్లలో కనబడిందన్నది, 80. అన్ని జాతుల పౌనఃపున్యాలు కలిపితే 400 వచ్చిందనుకుంటే దాని వాటా 20 శాతం. ఇక అడ్డుకోత వైశాల్యం: చుట్టుకొలత వర్గాన్ని 12.57తో భాగించాలి. 60 సెంటీమీటర్ల చెట్టుకు 286 చదరపు సెంటీమీటర్లు. అన్ని చెట్లవీ కలిపి 4 చదరపు మీటర్లు, చిరుమానువి 1.2 అయితే వాటా 30 శాతం. మూడు వాటాలూ కలిపితే 75. ఇదే ప్రాముఖ్యత విలువ, అన్ని జాతులవీ కలిస్తే 300 అవ్వాలి. కాకపోతే కూడికలో ఎక్కడో తప్పుంది.

జాతుల వైవిధ్యాన్ని ఒక్క అంకెలో చెప్పే షానన్ సూచిక కూడా వేస్తుంటారు. వేయండి గానీ దాన్ని చూసి మురిసిపోవద్దు. రోడ్డు పక్క చెత్తకుప్ప మీద కలుపు జాతులు ఎక్కువైతే అక్కడా పెద్ద అంకే వస్తుంది. ఎన్ని జాతులన్నదానికన్నా ఏ జాతులన్నది ముఖ్యం.

అంకెల్లో లోటు చదవడం

అసలు పని ఇక్కడుంది. ప్రతి ముఖ్య జాతికీ మొలకలు, పిల్లచెట్లు, 30–60, 60–90, 90 పైన చెట్లు ఎన్నో ఒక వరసలో రాయండి. ఆరోగ్యంగా ఉన్న జాతికి ఎడమ నుంచి కుడికి అంకె తగ్గుతూ పోతుంది. ఆ మెట్లలో ఎక్కడ విరిగిందో చూస్తే రోగం తెలుస్తుంది.

మొలకలు బోలెడు, పిల్లచెట్లు సున్నా: విత్తనం రాలుతోంది, మొలుస్తోంది, ఎదగనివ్వడం లేదు. మేత, నిప్పు. ఇక్కడ నారు తెచ్చి నాటడం శుద్ధ దండగ, దాన్నీ అదే మేక తింటుంది. మూడు నుంచి ఐదేళ్ళు మేత కట్టడి చేసి, జనవరిలోగా మూడు మీటర్ల వెడల్పున ఫైర్ లైన్, అంటే నిప్పు దాటకుండా గడ్డి తీసేసిన బాట, గీస్తే చాలు.

పెద్ద చెట్లున్నాయి, మొలకలే లేవు: విత్తనం నేలకు చేరడం లేదు, చేరినా బతకడం లేదు. సారపప్పు కోసం కాయ పండకముందే కొమ్మలతో సహా విరిచేస్తే ఇలా అవుతుంది. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టుకింద ఆకులు కాల్చే చోట ఇప్ప మొలకలు ఉండవు. ఇక్కడ మాట్లాడాల్సింది మనుషులతో. ఆకులు కాల్చకుండా చీపురుతో ఊడ్చుకోవడమో, కింద వలో పాత చీరో పరవడమో కుదిరితే నిప్పు బెడద తీరుతుంది.

సాక్ష్యం ప్లాట్లలో ఉండి, మీ గుట్ట మీద ఏ వరసలోనూ లేని జాతి: తల్లి చెట్టే లేదు. దానికే నర్సరీ కావాలి. చాలా గుట్టల్లో ఈ జాబితా మీరనుకున్నదానికన్నా చాలా పొట్టిగా ఉంటుంది.

మొలకల లెక్కలో ఒక మోసం ఉంది. తునికి, బిల్లుడు వేరు నుంచి పిలకలేస్తాయి. పైకి మొలకలానే ఉంటాయి. ప్లాటు బయట ఒకటి రెండింటి మొదట్లో వేళ్ళతో మట్టి తీసి చూడండి. కిందికి నిటారుగా దిగే తల్లివేరు ఉంటే విత్తనపు మొలక. అడ్డంగా పోయే లావుపాటి వేరు మీద కూర్చుని ఉంటే పిలక. పిలకలు వంద ఉన్నా అవి ఒకే చెట్టు పిల్లలు కావచ్చు.

మీ గుట్ట అసలు అడవి కాకపోనూవచ్చు. పలుచని ఎర్రనేల మీద గడ్డి, అక్కడక్కడ పరికి, కలివి పొదలు, సాక్ష్యం ప్లాట్లలోనూ అంతే ఉంటే అది పచ్చికబయలు. దాన్ని ఖాళీ భూమి అనుకోకూడదు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యమైన అప్పటి కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా రోళ్ళపాడు అలాంటి గడ్డినేలే. అక్కడ చెట్లు నాటడమంటే గడ్డిని, దాన్ని నమ్ముకున్నవాటిని చంపడం.

కంప తీయడం

పులికంపను, అంటే లాంటానాను, నేల మట్టానికి నరికితే నెలలోపు రెట్టింపు కొమ్మలతో లేస్తుంది. చిగురు వేసే భాగం నేల మట్టంలో, దాని కింద రెండు మూడు వేళ్ళ లోతులో ఉంటుంది. పారతో పొద పక్క మట్టి తీసి, వేరును 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతున నరికి, పొదను తలకిందులుగా తిప్పి అక్కడే ఎండనివ్వాలి. ఢిల్లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు కుదిర్చిన పద్ధతి ఇది. కాయ పండకముందే చేయాలి. తర్వాత రెండేళ్ళు వానల్లో లేచే పిల్లలను చేత్తో పీకాలి, ఇది మానేస్తే మొదటి పనంతా వృథా. గుట్టంతా ఒకేసారి బోడిగా చేయకండి. ఆ కంప కిందే మేకకు అందకుండా దాక్కున్న ఏగిస మొలకలు ఉంటాయి, వాటికి ముందు గుడ్డపీలిక కట్టుకుని ఆ తర్వాత కంప మీద చెయ్యి వేయండి. సర్కారు తుమ్మ అయితే లోతు ఎక్కువ, వేరును అడుగు లోతున తెంపాలి.

విత్తనం

ఒక్క పెద్ద చెట్టు కింద బస్తాడు కాయలు దొరికితే అక్కడే నింపుకోవాలనిపిస్తుంది. ఆ నారంతా అన్నదమ్ములే అవుతుంది, రేపు వాటి విత్తనం పీలగా వస్తుంది. కనీసం 30 చెట్ల నుంచి, వీలైతే 50 నుంచి, చెట్టుకూ చెట్టుకూ 100 మీటర్ల ఎడంతో తీసుకోండి. గుట్ట మీద అన్ని లేకపోతే అదే కొండల వరసలో పక్క గుట్టకు వెళ్ళండి. ఆ రోజు పండి ఉన్నదాంట్లో ఐదో వంతు మించకూడదు. చెట్లు తక్కువున్న జాతి అయితే పదో వంతు చాలు.

గుప్పెడు విత్తనం తీసి ఇరవై కోసి చూడండి. లోపల తెల్లగా గట్టిగా పప్పుంటే మంచిది. చిరుమాను దగ్గర ఈ పరీక్ష తప్పనిసరి, దాని విత్తనాల్లో చాలావరకు తాలే. సేర్లకొద్దీ పోసి పదుల్లో మొలకలు వస్తే అది మీ తప్పు కాదు, దాన్ని ట్రేలలో ఒత్తుగా చల్లి మొలిచినవే నారు సంచుల్లోకి మార్చుకోవాలి.

నేరేడు, మొగి, ఇప్ప, జాలారి విత్తనం నిల్వ ఉండదు. ఎండబెడితే చస్తుంది. గుజ్జు ఉన్నవాటిని కడిగి, వారం లోపే నారు సంచిలో వేయాలి. వేప కూడా కొన్ని వారాలకు మించి ఆగదు. రేల, తంగేడు, జమ్మి లాంటి చిక్కుడు కాయజాతివి నీడన ఆరబెట్టి సీసాలో పెడితే ఏళ్ళు ఉంటాయి. ఆరిందో లేదో తెలియాలంటే సీసాలో పొడి ఉప్పు, విత్తనం కలిపి కాసేపు ఊపి పావుగంట ఆగండి. ఉప్పు గాజుకు అంటుకున్నా గడ్డకట్టినా ఇంకా ఆరాలి. పొడిపొడిగా రాలితే మూత బిగించొచ్చు.

మొలకెత్తించే తంత్రం జాతికొకటి. రేల, తంగేడు పెంకు నీటిని లోపలికి రానివ్వదు. గోళ్ళు కత్తిరించే కట్టరుతో, బొడ్డుకు ఎదురు వైపున, లోపలి పసుపుపచ్చ కనబడేంత చిన్న గాటు పెట్టి ఒక రాత్రి నానబెట్టండి. తెల్లారేసరికి రెట్టింపు ఉబ్బినవి బతికినట్టు, ఉబ్బనివాటికి ఇంకో గాటు. వందలకొద్దీ ఉంటే మరిగించి దించిన నీళ్ళు కాస్త చల్లారాక పోసి, అందులోనే ఆరిపోయేదాకా వదిలేయండి. సలసల కాగే నీళ్ళలో ఉడికిస్తే పప్పు చస్తుంది. కరకకు పండు తొక్క తీసి గింజ ఆరబెట్టి, వెడల్పు వైపు కొసను పప్పుకు తగలకుండా కొద్దిగా నరికి, ఒకటిన్నర రోజు చన్నీళ్ళలో ఉంచాలి. సార పెంకును సుత్తితో మెల్లగా చిట్లించాలి, పప్పు నలిగితే అది వంటింటికే. ఎర్రచందనం కాయలు ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య దొరుకుతాయి. రెక్క కత్తిరించి పేడనీళ్ళలో రెండు మూడు రోజులు నానబెట్టి వేస్తారు. సగం మొలవకపోయినా కంగారు పడొద్దు, దాని తీరే అంత. బంక కారే తపసి కాయలకు మాత్రం చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పవు, వాటి మీది నూగు ముళ్ళలా దిగి మంట పెడుతుంది.

విత్తన బంతులు చేసి కొండ మీద విసిరే కార్యక్రమాలు చూడ్డానికి బాగుంటాయి. గాటు పెట్టని రేల గింజ బంతిలో ఉన్నా అంతే, బయట ఉన్నా అంతే. విసిరిన బంతి బండ మీద ఎండిపోతుంది. అదే విత్తనాన్ని గాటు పెట్టి, నానబెట్టి, బలుసు, పరికి పొదల మొదట్లో వేలు లోతున పాతిపెడితే ముళ్ళే కంచె అవుతాయి. గట్టి తల్లివేరు దింపే చిక్కుడు కాయజాతి చెట్లకు నర్సరీకన్నా ఇదే మెరుగు.

సంచి, నీళ్ళు, నేల

మట్టి పాళ్ళు: ఎర్రమట్టి రెండు, ఇసుక ఒకటి, బాగా చివికిన పశువుల ఎరువు ఒకటి. పచ్చి పేడ కలిపితే వేడికి, చెదలకు నారు పోతుంది. సంచి 15 సెంటీమీటర్ల వెడల్పు, 25 పొడవు, అడుగున, పక్కల చిల్లులు. విత్తనాన్ని దాని లావుకు రెండింతల లోతు మించి పెట్టొద్దు. మొలకలు మొదట్లో మెత్తబడి ఒరిగిపోతుంటే అది తడి ఎక్కువై వచ్చే తెగులు. మందు వెతక్కుండా నీళ్ళు తగ్గించండి, నీడ వల పలచన చేయండి. నెలకోసారి సంచులు ఎత్తి జరపాలి. జరపకపోతే వేరు సంచి దాటి నేలలోకి దిగుతుంది, నాటేరోజు తెగిపోతుంది. నాటడానికి నెల ముందు నుంచి నీళ్ళు సగానికి తగ్గించి ఎండ తగలనివ్వండి. ఎత్తు చూసి మొక్క ఎంచుకోకండి, మొదలు పెన్సిలంత లావు ఉండాలి. సన్నగా సాగిన మొక్క గుట్ట ఎండకు నిలవదు.

ఎన్ని నాటాలి? సాక్ష్యం ప్లాట్లలో హెక్టారుకు 400 చెట్లుంటే, మీ గుట్ట మీద చెట్లు, నిలబడగల పిల్లచెట్లు కలిపి 260 ఉంటే, లోటు 140. ఆ 140లో ఏ జాతి ఎన్నో సాక్ష్యం ప్లాట్ల వాటాలే చెబుతాయి. మూడు మీటర్లకొకటి చొప్పున వరసలు గీయకండి, ఖాళీ ఉన్నచోటే పెట్టండి.

గుంత అడుగున్నర చదరం, అంతే లోతు, మే నెలలోనే తవ్వి ఎండనివ్వండి. తెలంగాణలో రెండు మంచి వానలు పడ్డాక జూన్ చివర, జూలైలో నాటాలి. చిత్తూరు, నెల్లూరు, కడప తూర్పు అంచుల్లో పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవే కాబట్టి సెప్టెంబరు చివర, అక్టోబరు మేలు. అక్కడ జూలైలో నాటితే ఆగస్టు ఎండకే సగం పోతాయి. సంచి చింపి, అడుగున చుట్టుకుపోయిన వేరుంటే కత్తిరించి నాటండి. మొక్కకు దిగువన అర్ధచంద్రాకారంలో గట్టు వేసి, మొదట్లో పలకరాళ్ళు పరవండి. రాయి కింద తడి ఎన్నాళ్ళు నిలుస్తుందో మార్చిలో ఒక్కటి లేపి చూస్తే మీకే తెలుస్తుంది.

బతికినవెన్నో అక్టోబరులో లెక్కపెడితే అన్నీ బతికే ఉంటాయి. ఆ లెక్కకు విలువ లేదు. మొదటి ఎండాకాలం దాటాక, తొలకరికి చిగుళ్ళు వచ్చాక, జూన్ చివర లెక్కపెట్టండి. పైన ఎండినట్టున్నా మొదలు గీరితే పచ్చగా ఉంటే అది బతికినట్టే. ప్లాటు మేకులు పీకకండి, వాటి తలలకు ఎర్ర రంగు వేసి అక్కడే వదిలేయండి. చెట్లకు అల్యూమినియం బిళ్ళ కొట్టేటప్పుడు మేకు 1.37 మీటర్ల దగ్గర కాకుండా దానికి జానెడు పైన కొట్టి, మాను లావెక్కడానికి వీలుగా రెండు వేళ్ళ మందం బయటికి వదలండి. మొత్తం దిగ్గొడితే మూడో ఏటికి బిళ్ళను బెరడు మింగేస్తుంది.